టియర్‌డ్రాప్ ట్రైలర్ కడుతున్నా: పైన అల్యూమినియమా, ఫైబరా, కాన్వాసా?

చెక్కచిలుక
కారు వెనక తగిలించుకుని తిరిగే చిన్న పడకగది బండి కడుతున్నా. ఛాసిస్ వెల్డింగ్ అయిపోయింది, ప్రైమర్ ఆరుతోంది. ఒక్క ప్లై షీటుతో తేలిపోతుందని ఫ్లోరు 8×4 అడుగులే పెట్టుకున్నా. ఆకారం మామూలే. ముందు గుండ్రం, వెనక్కి వాలు, వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు. లోపల ఇద్దరు పడుకునేంత చోటు.

ఇక్కడిదాకా టెన్షన్ లేదు. పైన ఏం తొడగాలన్న దగ్గరే పని ఆగిపోయింది. ఒకరు కళ్లు మూసుకుని అల్యూమినియం షీటు వేసెయ్ అంటారు. ఇంకొకరు గ్లాస్ ఫైబర్ క్లాత్, ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెసిన్) అంటారు. మూడో ఆయన గుడ్డ అంటించి గోడలకేసే పెయింట్ కొట్టమన్నాడు, నిజంగా అన్నాడో ఆటపట్టించాడో తెలియలేదు. నాది చిన్న కారు, ఎక్కువ బరువు లాగదు. షెడ్డు లేదు, ఏడాది పొడుగునా ఎండకీ వానకీ బయటే ఉంటుంది. వెల్డింగ్ బాగానే వచ్చు, చెక్కపని ఓ మోస్తరు, రెసిన్ మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు.

మీరైతే ఏం వేస్తారు? ఎందుకు?

రివెట్టు_రాజా
అల్యూమినియం. ఇంకో మాట లేదు. పెయింట్ అక్కర్లేదు, కుళ్లదు, ఎండకి చావదు. 1940ల నాటి ట్రైలర్లు అదే తొడుగుతో ఇప్పటికీ రోడ్ల మీద కనిపిస్తున్నాయి.

జిగురుమనిషి
కనిపిస్తున్నాయి, నిజమే. వాటిలో చాలావాటికి లోపలి చెక్క ఎన్నిసార్లు మార్చారో కూడా అడుగు రాజా. తొడుగు బాగానే ఉంటుంది, దాని వెనక చెక్క పొడి అయిపోతుంది. అల్యూమినియం కింద నీళ్లు చేరితే బయటికి తెలియదు. ఎపాక్సీ అయితే చెక్కకీ పూతకీ మధ్య ఖాళీయే ఉండదు.

బద్ధకరత్న
వచ్చారండీ ఇద్దరూ. ఇక ఈ థ్రెడ్ ఎన్ని పేజీలో.

ఇసుకకాగితం
తొడుగు సంగతి తర్వాత. ముందు ఏ ప్లై కొన్నావో చెప్పు చిలకా. లోపల ప్లై సరైనది కాకపోతే పైన బంగారం తొడిగినా ఒకటే.

మామూలు ఇంటీరియర్ ప్లైలో జిగురు తడికి ఆగదు, పొరలు విడిపోతాయి. మెరైన్ గ్రేడులో జిగురు వేడినీళ్లకి కూడా ఆగుతుంది, లోపలి పొరల్లో ఖాళీలు ఉండవు. అనుమానంగా ఉంటే చిన్న ముక్క కోసి కొన్ని గంటలు నీళ్లలో మరిగించు. ఆరాక పొరల మధ్య ఉలి దూర్చి చూడు, సులువుగా చీలిపోతే ఆ షీటు వద్దు. అయితే ఒకటి: జిగురు ఆగినంత మాత్రాన చెక్క కుళ్లదని కాదు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే ఏ గ్రేడుకైనా బూజు పట్టాల్సిందే. ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో నొక్కి చేసే బోర్డు) దగ్గరికి అసలు పోవద్దు, తడి తగిలితే ఉబ్బిపోయి మళ్లీ దిగదు.

చెక్కచిలుక
@ఇసుకకాగితం ఇంకా కొనలేదన్నా. పక్క గోడలకి 18 మి.మీ. మెరైన్ అనుకుంటున్నా. ఫ్లోరుకి 12.

కొలతబద్ద
18 ఎందుకు? లెక్క చూడు. ప్లై సాంద్రత ఘనమీటరుకి 600 కిలోలు అనుకుంటే 18 మి.మీ. చదరపు మీటరుకి దాదాపు 10.8 కిలోలు, 12 మి.మీ. 7.2. నీ పక్క గోడ ఒక్కోటి మూలలు పోగా 2.4 చదరపు మీటర్లు ఉంటుంది. రెండు గోడలకీ కలిపి తేడా 17 కిలోలు పైనే. చిన్న కారుకి ఇది తక్కువేం కాదు.

తొడుగుల లెక్క కూడా చెప్తా. పైకప్పు వంపు వెంట కొలిస్తే మూడున్నర మీటర్లు దాటుతుంది. రెండు పక్కలూ కలుపుకుంటే మొత్తం తొమ్మిదిన్నర చదరపు మీటర్లు వేసుకో.

1 మి.మీ. అల్యూమినియం: చదరపు మీటరుకి 2.7 కిలోలు, మొత్తం 26 కిలోల లోపు.
అర మి.మీ. జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకు: 37 కిలోలు. చవకని దీన్ని వేసేవాళ్లు ఉన్నారు, నేనైతే వేయను.
చదరపు మీటరుకి 200 గ్రాముల క్లాత్, ఎపాక్సీ, పైన పెయింట్: చేయి తిరిగినవాళ్లయితే 10 కిలోల లోపు. తిరగనివాళ్లు రెసిన్ పోసేస్తారు, వాళ్ల లెక్క నేను చెప్పలేను.

జిగురుమనిషి
10 కిలోలు. అందరికీ వినబడిందా?

రివెట్టు_రాజా
రెసిన్ ఎప్పుడూ ముట్టుకోలేదని చెప్తున్న మనిషికి, అదీ షెడ్డు లేకుండా బయట, తొమ్మిదిన్నర మీటర్లు ఎపాక్సీ పూయమంటావా? దుమ్ము, పురుగులు, మధ్యాహ్నం ఎండకి కప్పులోనే గడ్డకట్టడం. కప్పు పొగలు కక్కుతుంటే పట్టుకుని పరిగెత్తాలి.

జిగురుమనిషి
కప్పులో నింపుకుని కూర్చుంటే పొగలే వస్తాయి. కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పోయాలి. పలచగా పరిస్తే వేడి బయటికి పోతుంది, పని చేసుకోవడానికి టైమ్ దొరుకుతుంది. కొత్తవాళ్లకి నాలుగు ముక్కలు:

హార్డెనర్ పాళ్లు డబ్బా మీద ఎంత రాస్తే అంతే. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ పోస్తే ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. పాలియెస్టర్ రెసిన్‌తో పనిచేసినవాళ్లు ఈ అలవాటు తెచ్చుకుంటారు, అందులో కాస్త అటూ ఇటూ చెల్లుతుంది. ఎపాక్సీలో చెల్లదు.

నేసిన క్లాతే కొను. తరిగిన పోగులతో చేసే మ్యాట్ వద్దు, దాన్ని పట్టి ఉంచే బైండర్ పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కి కరగాలని తయారుచేసింది. ఎపాక్సీకి సరిగా కరగదు, గట్టిగా అట్టలాగే ఉండి వంపుకి ఒదగదు.

ఆరిన పూత మీద మైనం పూసినట్టు జిడ్డు తేలుతుంది, ముఖ్యంగా తేమ రోజుల్లో. సాండింగ్ కంటే ముందే దాన్ని నీళ్లతో, స్క్రబ్బర్‌తో కడగాలి. కడగకుండా గీకితే జిడ్డు లోపలికి రుద్దినట్టే, తర్వాతి పూత ఊడుతుంది.

పైన పెయింట్ తప్పనిసరి. ఎండలోని యూవీకి ఉత్త ఎపాక్సీ పసుపెక్కి సుద్దలా రాలుతుంది.

వానపిట్ట
నలుపు పెయింట్ మాత్రం వేయొద్దు చిలకా. గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకూ 60 డిగ్రీల దగ్గరికొస్తే మెత్తబడటం మొదలుపెడతాయి. నిండు ఎండలో నల్లటి పైకప్పు అంతకంటే ఎక్కువే కాలుతుంది. క్లాత్ నేత గళ్లు పెయింట్‌లోంచి పైకి కనబడతాయి. తెలుపో లేత రంగో వేసుకుంటే గొడవే లేదు, లోపల పడుకునేవాళ్లకీ మంచిది.

సగంలో_ఆపిన_బండి
గుడ్డ, పెయింట్ అన్నాయన జోక్ చేయలేదు. నాది అదే.

బద్ధకరత్న
పేరు చూస్తే నమ్మకం కలగట్లేదు సార్.

సగంలో_ఆపిన_బండి
ఆ పేరు పాత ప్రాజెక్టుది లెండి. ఇది పూర్తయింది, తిరుగుతోంది.

పద్ధతి కొత్తదేం కాదు. చెక్క రైలు పెట్టెల పైకప్పులకి ఒకప్పుడు కాన్వాస్ పరిచి రంగు పూసేవాళ్లు, చెక్క పడవలకీ అంతే. మనం చేసేది ఇంకా సులువు. నూలు కాన్వాస్ తీసుకుని, ప్లై మీద తడికి ఆగే రకం వుడ్ గ్లూ రోలర్‌తో పూసి, గుడ్డ పరిచి, పైనుంచి అదే గ్లూలో కాస్త నీళ్లు కలిపి మళ్లీ పూయాలి. గుడ్డ ఆరుతూ బిగుసుకుంటుంది. మర్నాటికి వేలితో మీటితే ప్లైకి అంటుకున్న చోట ‘టక్’ అంటుంది, అంటుకోని చోట ‘డబ్’ అని బోలుగా వినిపిస్తుంది. అక్కడ తడి గుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో వేడి చూపిస్తే గ్లూ మెత్తబడి పట్టేస్తుంది. తర్వాత బయటి గోడల ఎక్రిలిక్ పెయింట్. మొదటి పూత నీళ్లు కలిపి పలచగా, పోగుల్లోకి ఇంకేలా. ఆపైన చిక్కగా రెండు మూడు పూతలు.

వాసన లేదు, మాస్కు లేదు, చేతికంటితే నీళ్లతో పోతుంది. రాయి తగిలి చిరిగితే చిన్న గుడ్డముక్క, అదే గ్లూ, అదే పెయింట్.

ఇసుకకాగితం
ఒక్క సవరణ. పక్క గోడలకి బాగుంటుంది, వాలు ఉన్న పైకప్పుకీ పర్లేదు. నీళ్లు నిలిచే చోట మాత్రం వద్దు. ఎక్రిలిక్ పూత వానజల్లుకి ఆగుతుంది గానీ రోజుల తరబడి నిలిచిన నీళ్లకి మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మళ్లీ రంగేసే ఓపిక కూడా ఉండాలి.

సగంలో_ఆపిన_బండి
ఒప్పుకుంటా. రంగు డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంచుకుంటాను.

థర్మోకోల్_తాత
అందరూ ప్లై పట్టుకునే వేలాడుతున్నారు. నా ట్రైలర్‌లో గోడలే ఎక్స్‌పీఎస్ ఫోమ్, థర్మోకోల్ జాతిదే, కాస్త గట్టిది. 50 మి.మీ. బోర్డులు, తలుపుల చుట్టూ, స్క్రూలు దిగే చోట్ల మాత్రం లోపల చెక్క పట్టీలు, బయటా లోపలా పైన చెప్పిన కాన్వాస్ పద్ధతే. ఫోమ్ ఘనమీటరుకి 30 నుంచి 35 కిలోలే ఉంటుంది. ఒక గోడని ఒక్క చేత్తో ఎత్తి పెట్టాను. వేడి, చలి రెండూ ఆగుతాయి.

కానీ ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి పిల్లలూ: పాలియెస్టర్ రెసిన్ పోస్తే ఆ ఫోమ్ కళ్లముందే కరిగి గుంట పడుతుంది. స్టైరీన్ దాన్ని తినేస్తుంది. సాల్వెంట్ ఉండే కాంటాక్ట్ అడ్హెసివ్ కూడా అంతే. ఎపాక్సీ, నీళ్ల గ్లూ, పాలీయూరెథేన్ గ్లూ ఇవి ఏమీ చేయవు. ఫోమ్‌కి మంటంటే పడదు కాబట్టి స్టవ్ వెనక వంటగట్టు దగ్గర లోహపు రేకు తప్పనిసరి.

రివెట్టు_రాజా
తాతగారూ, లారీ పక్కనుంచి పోతే మీ బండి ఎగిరిపోదూ?

థర్మోకోల్_తాత
అడుగున ఛాసిస్ నీ నోటంత బరువుంటుంది నాయనా, ఎగరదు.

చెక్కచిలుక
😂 తాతగారూ సూపర్. కానీ ఫోమ్ గోడలకి నాకు ధైర్యం చాలట్లేదు. చెక్కే ఖాయం, 12 మి.మీ.కి దిగుతా.

ఒక ఆలోచన వచ్చింది. పక్కలకి క్లాత్, ఎపాక్సీ. అవి చదునుగా ఉంటాయి, గోడలు ఛాసిస్‌కి బిగించకముందే నేల మీద పడుకోబెట్టి పూయొచ్చు కదా? పైకప్పుకి మాత్రం అల్యూమినియం. ఇలా కలిపితే ఏమైనా ఇబ్బందా?

జిగురుమనిషి
పడుకోబెట్టి పూస్తే సగం బాధ తీరినట్టే, రెసిన్ కారదు. బాగుంటుంది. మంచి ప్లై అయితే పక్కలకి రంగు బదులు యూవీ రకం వార్నిష్ కొట్టు, చెక్క గీతలు కనిపిస్తాయి.

రివెట్టు_రాజా
పైకప్పైనా నాకు దక్కింది, చాలు.

ఇప్పుడు అసలు విషయం. షీటుని ప్లై మీద మొత్తం జిగురుతో అంటించకు. అల్యూమినియం మీటరుకి, ఒక్కో డిగ్రీకి 0.023 మి.మీ. పెరుగుతుంది. మూడున్నర మీటర్ల షీటు పొద్దుటికీ మధ్యాహ్నానికీ 40 డిగ్రీలు వేడెక్కితే మూడు మి.మీ. పైనే సాగుతుంది. చెక్క అంత సాగదు. మొత్తం అంటించేస్తే సాగిన లోహానికి వెళ్లే దారి లేక బుడగల్లా పైకి లేస్తుంది, చల్లబడితే మళ్లీ దిగుతుంది. ఎండ తగిలినప్పుడల్లా ‘టప్ టప్’ అని చప్పుడు. కొన్నాళ్లకి జిగురే వదిలేస్తుంది.

అందుకే షీటుని ఊరికే పరిచి, పక్క అంచుల్లో ట్రిమ్ పట్టీ కింద నొక్కి ఉంచాలి. ట్రిమ్ కింద షీటులో స్క్రూ రంధ్రాలు కాస్త పెద్దవిగా వేస్తే షీటు అటూ ఇటూ జరుగుతుంది.

కొలతబద్ద
ఇందులో నేను రాజాతో పూర్తిగా ఏకీభవించను. ఊరికే పరిచిన షీటు రోడ్డు మీద దడదడలాడుతుంది. ముందు గుండ్రం దగ్గర గాలి ఒత్తిడికి లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది. ఆరాక కూడా రబ్బరులా సాగే పాలీయూరెథేన్ సీలెంట్‌ని చారలుగా వేసి పట్టిస్తే రెండూ తీరతాయి. గట్టిపడే జిగురుతోనే సమస్య.

రివెట్టు_రాజా
షీటుని ముందు నుంచి వెనక్కి బాగా లాగి బిగిస్తే వంపు మీద దానంతటదే కూర్చుంటుంది, దడ ఉండదు. మళ్లీ ఎప్పుడైనా షీటు ఊడదీయాల్సి వస్తే నీ చారలు గీకుతూ నువ్వే కూర్చో.

కొలతబద్ద
ఊడదీయాల్సిన అవసరం రాకుండానే కదా చారలు వేసేది.

వానపిట్ట
రెండు పద్ధతుల్లోనూ బాగున్న బండ్లు చూశాను. నేను చూసిన కారే బండ్లన్నీ షీటు మధ్యలో కాదు, ట్రిమ్ స్క్రూల దగ్గరే కారాయి. కాబట్టి కొట్టుకునేదేదో అంచుల గురించి కొట్టుకోండి.

ట్రిమ్ కింద బ్యుటైల్ టేపు. గట్టిపడదు, స్క్రూ బిగించినకొద్దీ పక్కల నుంచి బయటికి వస్తుంది, కొన్ని రోజులు ఆగి మళ్లీ బిగిస్తే ఇంకాస్త వస్తుంది, దాన్ని ప్లాస్టిక్ చెక్కతో గీకేయడమే. సిలికాన్ మాత్రం బండి దగ్గరికి తేవద్దు. ఒకసారి పూస్తే దాని మీద పెయింట్ పట్టదు, ఇంకో సీలెంట్ పట్టదు, కొత్త సిలికాన్ కూడా సరిగా పట్టదు. వెనిగర్ వాసన వచ్చే రకమైతే లోహాన్ని కూడా తింటుంది.

ఇసుకకాగితం
స్క్రూలు వేసే ముందు ప్లైలో రంధ్రం కాస్త పెద్దగా తొలిచి ఎపాక్సీతో నింపు. గట్టిపడ్డాక అందులో చిన్న రంధ్రం వేసి స్క్రూ బిగించు. అప్పుడు స్క్రూ వెంట నీరు దిగినా దానికి దొరికేది ఎపాక్సీయే, చెక్క దొరకదు. ప్లై కోసిన అంచులన్నిటికీ మూడు నాలుగు పూతలు పెట్టు, అంచు తాగినంత నీరు పైభాగం ఎప్పుడూ తాగదు. చక్రాల పైన, ఫ్లోరు అడుగున, తలుపు గుమ్మం కింద, కంటికి కనపడనివి ముందు పూయి.

చెక్కచిలుక
నోట్ చేసుకున్నా. ఏ అల్యూమినియం? షాపువాళ్లు నంబర్లు చెప్తున్నారు, నాకు అర్థం కాలేదు. స్టీల్ ఛాసిస్‌కి ఆనితే తుప్పు వస్తుందని కూడా ఎవరో అన్నారు.

రివెట్టు_రాజా
3003 హెచ్14 అయితే చేత్తో వంగుతుంది, వంపులకి అదే. 5052 ఇంకాస్త గట్టిది, ఉప్పుగాలికి బాగా ఆగుతుంది, పెద్ద వంపులకి అదీ సరిపోతుంది. 6061 టీ6 ఇస్తానంటే వద్దను, అది ఫ్రేములకి. బిగువు మడత పెడితే పగులుతుంది. మందం 0.8 నుంచి 1 మి.మీ. అంతకంటే పలచనైతే వేలు నొక్కినా సొట్ట.

పైకప్పుకి రెండు షీట్లు కలపాల్సి వస్తే అతుకు నడినెత్తి దాటాక, వెనక వాలులో పెట్టు. ముందు షీటు వెనక షీటు మీదికి రావాలి. తిరగేస్తే గాలి నీటిని అతుకులోకి నెడుతుంది.

కొలతబద్ద
తుప్పు సంగతి నిజమే. అల్యూమినియం, ఇనుము తడిలో ఒకదానికొకటి తగులుతూ ఉంటే అల్యూమినియం అరిగిపోతుంది. ఛాసిస్‌కి షీటుకీ మధ్య రబ్బరు పట్టీ పెట్టు, పెయింట్ ఒక్కటే నమ్ముకోకు. పెద్ద అల్యూమినియం షీటులో చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూలు అయితే పెద్ద ప్రమాదం లేదు, తల కింద కాస్త సీలెంట్ వేస్తే చాలు. దీనికి తిరగవేసి, పెద్ద స్టీలు రేకుకి అల్యూమినియం రివెట్లు కొడితే రివెట్లే ముందు పోతాయి.

ఎవరూ చెప్పనిది ఇంకోటి. పురుగు పట్టకుండా రాగి లవణాలు ఎక్కించిన చెక్క ఉంటుంది, పచ్చగా కనిపిస్తుంది. అది అల్యూమినియానికి నేరుగా తగలకూడదు. తడి తగిలితే ఆ రాగి షీటుకి లోపలి నుంచి చిల్లులు పెడుతుంది.

బద్ధకరత్న
ఏసీపీ గురించి ఎవరూ మాట్లాడరేం? దుకాణాల ముందు బోర్డులకి వేసేది. రెండు పల్చటి అల్యూమినియం రేకులు, మధ్యలో ప్లాస్టిక్. రంగు కూడా వేసే వస్తుంది. నాలాంటి వాళ్ల కోసమే కనిపెట్టారు.

ఇసుకకాగితం
పక్కలకి వాడొచ్చు, చదునుగా చక్కగా ఉంటుంది. కానీ 4 మి.మీ.ది చదరపు మీటరుకి అయిదున్నర కిలోలు, ఉత్త అల్యూమినియం షీటుకి రెట్టింపు. వెనక గాడి తీస్తే మడత బాగా వస్తుంది గానీ టియర్‌డ్రాప్ వంపుకి కావాల్సింది మడత కాదు. కోసిన అంచులో ప్లాస్టిక్ బయటపడుతుంది, దాన్ని ట్రిమ్‌తో మూయాలి. మామూలు రకం లోపలి ప్లాస్టిక్ బాగా మండుతుంది, వంటగట్టు వైపు వద్దు.

బద్ధకరత్న
అయితే నేను కట్టను. నిర్ణయం తీసుకున్నా.

చెక్కచిలుక
పైకప్పు షీటు కింద ప్లైని ఎలా వంచాలి? 6 మి.మీ. ముక్క వంచి చూస్తే ముందు గుండ్రం దగ్గర ‘ఫట్’మంది.

ఇసుకకాగితం
6 ఒక్కటి కాదు, 3 రెండు. పై పొర గీతలు ట్రైలర్‌కి అడ్డంగా, అంటే ఎడమ గోడ నుంచి కుడి గోడకి నడిచేలా పెట్టు. అటువైపు ప్లై వినయంగా వంగుతుంది, గీతల వెంబడి వంచితే విరుగుతుంది. ముందు గుండ్రం మరీ బిగువైతే రెండు వైపులా వేడినీళ్లు పోసి, తడి గుడ్డ కప్పి, వంపు మీద పట్టీలతో బిగించి ఓ రాత్రి వదిలేయ్. ఆరాక జిగురు పూసి రెండో పొర వేయి. రెండు పొరల అతుకులు ఒకే చోట రాకూడదు. కిందుగా అడ్డ దూలాలు అడుగుకొకటి ఉంటే పైన మోకాలు పెట్టినా దిగదు.

దూలాల మధ్య ఖాళీల్లో 25 మి.మీ. ఫోమ్ పెట్టు. గ్లాస్‌వూల్ వద్దు, కుదుపులకి కిందికి జారి పైన ఖాళీ అయిపోతుంది, తేమ కూడా పట్టుకుంటుంది.

వానపిట్ట
తేమ అన్నారు కాబట్టి. ఇంత చిన్న గదిలో ఇద్దరు రాత్రంతా ఊపిరి వదిలితే పొద్దున్నే పైకప్పు లోపల నీటి చుక్కలు వేలాడతాయి. కొత్తవాళ్లు దాన్ని లీకనుకుని బయట సీలెంట్ మీద సీలెంట్ పూస్తారు. ఫోమ్ లేని చోట, లోహం నేరుగా లోపలికి వచ్చే చోట, అంటే కిటికీ ఫ్రేము, వెంట్ అంచు, అక్కడే ముందు కనిపిస్తుంది. పైకప్పులో ఒక వెంట్, తలుపు కిటికీ వేలెడంత సందు. రెండూ కావాలి, ఒక్కదానితో గాలి ఆడదు. స్టవ్ ఎప్పుడూ బయటే, చలికి లోపల వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు.

చెక్కచిలుక
ఫైనల్ చేసేశా. పక్కలు 12 మి.మీ. మెరైన్, క్లాత్, ఎపాక్సీ, లేత రంగు. పైకప్పు 3+3 ప్లై, మీద 1 మి.మీ. 3003 షీటు. చారలు వేయాలా వద్దా అన్నది మీరిద్దరూ తేల్చుకుని చెప్పండి 😀

వెనక తలుపు ఒక్కటే మిగిలింది. అక్కడ పైన మడతబందు దగ్గర నీళ్లు ఎలా ఆపాలి?

కొలతబద్ద
చార వేయి.

రివెట్టు_రాజా
వేయకు.

వానపిట్ట
ఈ ట్రైలర్ల కోసమే ఒక మడతబందు ఉంది, హరికేన్ హింజ్ అంటారు. తలుపు పొడవంతా వచ్చే రెండు అల్యూమినియం పట్టీలు ఒకదానిలో ఒకటి దూరి తిరుగుతాయి, నీళ్లు దాని మీద నుంచి జారిపోతాయి. పియానో హింజ్ (తలుపు పొడవంతా వచ్చే మామూలు మడతబందు) పెడితే మాత్రం పైన రబ్బరు పట్టీ కప్పాలి, అతుకు అతుకుకీ సందే. తలుపు పక్కల్లో రబ్బరు బీడింగ్ ఒకటి కాదు, రెండు వరసలు. మొదటిది దాటిన నీరు పోవడానికి మధ్యలో చిన్న కాలువ వదులు. ఆపలేని నీటికి దారి ఇవ్వడమే మేలు.

అంతా అయ్యాక ఒకరు టార్చితో లోపల కూర్చోండి, ఇంకొకరు బయట నుంచి పైపుతో కింద మొదలుపెట్టి మెల్లగా పైకి కొట్టాలి. ముందే పైన కొడితే నీరు అన్ని చోట్లా దిగుతుంది, ఎక్కడ కారిందో తెలియదు.

సగంలో_ఆపిన_బండి
షీటు మీద ప్లాస్టిక్ ఫిల్మ్ వస్తుంది కదా, గీతలు పడకుండా. దాన్ని బిగించే ముందు ఉంచి, తర్వాత తీద్దాంలే అని వారాలకి వారాలు ఎండలో వదిలేయకండి. ఎండకి కాలి అతుక్కుపోతుంది, గోరంత గోరంత ముక్కలుగా గీకాలి.

చెక్కచిలుక
మరి ఎప్పుడు తీయాలన్నా?

సగంలో_ఆపిన_బండి
ట్రిమ్ కింద వచ్చే అంచుల దగ్గర ముందే ఒలిచి వెనక్కి మడిచెయ్, లేకపోతే ట్రిమ్ కింద ఇరుక్కుంటుంది. మిగతాది ఆఖరి స్క్రూ పడిన రోజే లాగెయ్.